కాయలొక చేనివి, మట్టొక చేనిది

దేవుడు ఆరు రోజుల్లో లోకమంతా సృష్టించి ఏడో రోజు విశ్రాంతి తీసుకున్నాడు. ఆ తొందరలో ఆయన మరిచిపోయిన జీవి ఒకటి మిగిలిపోయింది. దాన్ని కారంపూడి దగ్గర రామాంజి అనే ఆయన, ఒక గురువారం పొద్దున, ఏడున్నర బస్సుకూ తొమ్మిది గంటల బస్సుకూ మధ్య సృష్టించాడు.

సరే, సృష్టించాడనడం కాస్త ఎక్కువే. కనిపెట్టాడు అందాం. నిజానికి కనిపెట్టింది నీరజ. నరసరావుపేటలో ఒక కాలేజీ ల్యాబులో పీహెచ్‌డీ చేస్తున్న గురజాల అమ్మాయి. రామాంజి ఆ ల్యాబులో అటెండరు. ఆమె అడిగితే మట్టి తెచ్చిచ్చాడు. తెచ్చిన మాట మాత్రం వాస్తవం. ఎక్కణ్ణుంచి తెచ్చాడన్నదే తిరకాసు. ఇంతకన్నా వెనక్కి తగ్గితే చెప్పడానికి కథే మిగలదు.

రామాంజికి యాభై ఏడేళ్లు. కుర్రతనం నుంచీ మాచర్ల వైపు నాపరాయి క్వారీలో పనిచేశాడు. ఒకరోజు ఒక పలక అతని మాట వినకుండా ఎడమ పాదం మీద పడి రెండు వేళ్లు తీసుకుపోయింది. "రాళ్లకు కూడా నేనంటే లెక్కలేదు" అని క్వారీకి దణ్ణం పెట్టి, తెలిసినవాళ్ల మాట సాయంతో ల్యాబులో చేరాడు. గాజు పళ్లేలు కడగడం, వాటిని పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి యంత్రంలో పెట్టి ఉడకబెట్టడం, సూక్ష్మజీవులు తినే గంజి కాచి పళ్లేల్లో పోయడం అతని పని.

"ఇంట్లో నా చేతి వంట కుక్క కూడా ముట్టదు. ఇక్కడ లక్షల కోట్ల మంది తింటున్నారు. ఉప్పెక్కువైందని ఒక్కడూ అనలేదు" అని కొత్తగా చేరిన పిల్లలకు చెప్పేవాడు.

ఇలా తన మీద తానే జోకులు వేసుకునే మనిషి ఒక్క విషయంలో మాత్రం నోరు మెదిపేవాడు కాదు. అది అతని చేను.

చేరిన మొదటి ఏడే ఒక లెక్చరర్ అడిగాడు: "పల్నాడోడివి గదా రామాంజీ, చేనుందా?" ఉందన్నాడు. అది నిజం. "ఏం పండుద్ది?" అన్నాడు లెక్చరర్. "మిరప" అంది రామాంజి నోరు. అతను ఆపేలోపే అనేసింది. "అయితే ఈసారి కాయలు తే, చూద్దాం" అన్నారు వాళ్లు.

అక్కడ పడింది ముడి. అతనికి రెండెకరాలున్న మాట నిజమే. వాళ్ల నాన్న కాలంలో వాన మీద ఆధారపడి సజ్జలు, కందులు పండేవి. తర్వాత కాలువొచ్చింది. పై చేలకు నీళ్లొచ్చాయి. ఆ నీళ్ల ఊట మాత్రం దిగువనున్న రామాంజి చేలోకి దిగి, నేలలోని ఉప్పునంతా పైకి లేపుకొచ్చింది. ఊరంతా పచ్చబడితే అతని చేను తెల్లబడింది. ఎండాకాలంలో చూస్తే ఎవరో పిండి చల్లి ముగ్గు వేయడం మరిచిపోయినట్టుంటుంది. నాలుగు సర్కారు తుమ్మచెట్లు తప్ప ఏమీ మొలవదు. అవి కూడా మొహమాటానికి మొలిచినట్టుంటాయి.

పైన కాలువ గట్టు పక్కన, రెండు కిలోమీటర్ల దూరంలో, అతని బామ్మర్ది కోటేశ్వరరావు చేనుంది. అక్కడ మిరప ఎర్రగా, నిగనిగలాడుతూ కాస్తుంది. ఏటా కల్లంలో కాయలు ఎండగానే అక్క బసవమ్మకని కోటేశ్వరరావు ఒక మూట పంపేవాడు. ఆ మూటలో సగం చిన్న చిన్న కవర్లలో చేరి, "మా చేనివే సార్" అనే మాటతో నరసరావుపేట వెళ్లేది. ఇరవై రెండేళ్లుగా కాలేజీలో సగం ఇళ్లలో రామాంజి చేని కారమే. తిన్నవాళ్లు మెచ్చుకుంటుంటే రామాంజి తల వంచుకునేవాడు. అది వినయం అనుకునేవారు.

బామ్మర్ది ఊరుకునే రకం కాదు. టీ కొట్టు దగ్గర పదిమందిలో అనేవాడు: "మా బావ చేను బంగారం రా! మామిడికాయలు కొనుక్కుంటే చాలు, చేలోనే ఊరగాయ పెట్టుకోవచ్చు." అందరూ నవ్వేవారు. రామాంజి కూడా నవ్వేవాడు. నవ్వకపోతే ఇంకా నవ్వుతారు.

ఇలా ఉండగా ఒకరోజు నీరజ అడిగింది. "బాబాయ్, మీ కారంపూడి వైపు చవుడు నేలలుంటాయి కదా. ఉప్పులోనే బతికే సూక్ష్మజీవుల కోసం వెతుకుతున్నాను. అన్నిట్లోకీ పనికిమాలిన చవుడు ఎక్కడుందో అక్కడి మట్టి కావాలి."

రామాంజికి తన ఇంటి నంబరు గుర్తు రావడానికైనా కాస్త సమయం పడుతుంది. ఈ చిరునామా మాత్రం ఆమె మాట పూర్తికాకముందే కళ్ల ముందుకొచ్చింది.

"చూస్తాను మేడం" అన్నాడు.

నీరజ శుభ్రమైన సంచులిచ్చింది. పై పొర తీసేసి జానెడు లోతున తీయాలని, ఐదు చోట్ల తీసి కలపాలని, చెయ్యి తగలకూడదని చెప్పింది. అతని ఫోనులో ఒక యాప్ కూడా ఎక్కించింది. దాంతో ఫొటో తీస్తే ఆ చోటు వివరాలు ఫొటో మీదే పడతాయి. "ఇది మరిచిపోవద్దు బాబాయ్. చోటు తెలియకపోతే మట్టికి విలువ లేదు."

గురువారం పొద్దున ఏడున్నర బస్సు వదిలేసి, రామాంజి తన చేలోకి దిగాడు. ఐదు చోట్ల తవ్వి, చెప్పింది చెప్పినట్టు చేశాడు. క్వారీలో పనిచేసిన చెయ్యి, తవ్వడంలో తప్పు పట్టడానికి లేదు. చివర్లో ఫొటో తీద్దామని ఫోనెత్తాడు. తెర మీద తెల్లటి చేను, కింద ఊరి పేరు, అంకెలు కనిపించాయి. అది చూడగానే, ఇరవై రెండేళ్ల మిరపకాయలు వరసగా కళ్ల ముందు నిలబడి "ఇప్పుడేమంటావు?" అని అడిగినట్టయింది.

రామాంజి ఫోను జేబులో పెట్టుకున్నాడు. మోపెడ్ తీశాడు. మట్టి సంచిని ముందు పెట్టుకుని కోటేశ్వరరావు చేను దాకా పోయాడు. గట్టు మీద సంచి పెట్టి, మిరప మొక్కలు కనపడకుండా వంగి, నేల మీద ఫొటో తీశాడు. సంచి మీద "కోటేశ్వరరావు చేను" అని రాశాడు. బామ్మర్ది దగ్గర ఏటా కాయలు తీసుకోవడమే తప్ప ఎప్పుడూ ఏమీ ఇచ్చింది లేదు. ఇవాళ తన చవుడు ఇచ్చాడు. తొమ్మిది గంటల బస్సుకు అందుకున్నాడు.

సాయంత్రం సంగతి విన్న బసవమ్మ అన్నం పెడుతూనే అడిగింది. "మట్టి మనది, పేరు మా తమ్ముడిదా?"

"ల్యాబు పనిలే. నీకు తెలవదు."

"చవుడు చేనుకు లేని సిగ్గు నీకెందుకయ్యా?"

రామాంజి మజ్జిగ పోసుకున్నాడు.

ల్యాబులో రామాంజే ఉప్పు గంజి కాచాడు. నోట్లో పెట్టుకుంటే మనిషి మూర్ఛపోయేంత ఉప్పు. నీరజ మట్టి కలిపిన నీళ్లు దాని మీద చల్లాక, ఎనిమిదో రోజున ఆ పళ్లెంలో కందిపప్పు రంగు చుక్కలు కనబడ్డాయి. నీరజ వాటిని విడదీసి, ఉప్పు లేని గంజిలో వేసింది. మొలవలేదు. నూటికి పది పాళ్ల ఉప్పులో వేస్తే పండగ చేసుకున్నాయి. ఇరవై పాళ్లలో కూడా గొణుక్కుంటూ బతికాయి.

"మా బామ్మర్దిలాగా ఉంది. మామూలు చోట బతకదు" అన్నాడు రామాంజి.

తర్వాత దాని వంశం తేల్చాలి. నీరజ అతనికి అర్థమయ్యేలా చెప్పింది. "ప్రతి సూక్ష్మజీవి లోపలా దాదాపు పదిహేను వందల అక్షరాల చీటీ ఒకటుంటుంది బాబాయ్. ఆ చీటీని లోకంలో తెలిసినవాటి చీటీలన్నిటితో పోల్చి చూస్తాం. నూటికి తొంభై ఎనిమిదిన్నర దాటి కలిస్తే, తెలిసినదే అయ్యుండొచ్చు. మనది తొంభై ఏడు దగ్గరే ఆగింది."

"అంటే ఇంటిపేరు తెలిసిందే, మనిషి కొత్త."

"సరిగ్గా అంతే! కొత్తదని తేలితే దానికి పేరు మనమే పెట్టాలి. దొరికిన చోటు పేరు పెడతారు మామూలుగా."

చోటు పేరు అనగానే రామాంజి చేతిలోని గాజు పళ్లెం కిందపడి పగిలింది. చెయ్యి జారిందన్నాడు.

తర్వాత రెండేళ్లు నీరజ దాన్ని వదల్లేదు. ఏ వేడిలో బతుకుతుంది, ఏ చక్కెర తింటుంది, దాని పొరలో ఏ కొవ్వుంది, అన్నీ పరీక్షించింది. పెళ్లికొడుకు గురించి కూడా ఎవరూ అంత వాకబు చేయరు. అంతా రాసి పరిశోధనల పత్రికకు పంపింది. అక్కణ్ణుంచి జవాబొచ్చింది: ఆ చోటు మట్టిలో ఉప్పెంతో కొలిచి చెప్పండి, అదే చోట మరోసారి వెతికి, ఈ జీవి మళ్లీ దొరుకుతుందేమో చూడండి.

"శనివారం నేనే వస్తాను బాబాయ్. ఫొటోలో చోటుంది కదా, నువ్వు చూపిస్తే చాలు" అంది నీరజ.

శుక్రవారం రామాంజి జ్వరం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాడు. రెండు కప్పుల టీ తాగి ఎండలో నిలబడ్డాడు. చెమట పట్టింది కానీ జ్వరం రాలేదు. తన ఒంటికి కూడా తనంటే లెక్కలేదని తేలిపోయింది.

శనివారం వాళ్లు చేరేసరికి కోటేశ్వరరావు చేలోనే ఉన్నాడు. నీరజ నమస్కారం పెట్టి, "మీ చవుడు చేను చూడటానికొచ్చామండీ" అంది.

కోటేశ్వరరావు మొహం అతని మిరపకాయల రంగుకు తిరిగింది. "ఏంది? నాది చవుడు చేనా? ఎవడా కూత కూసింది? ఏంది బావా, ఈమెకేం చెప్పావు?"

రామాంజి ఆకాశంలో ఏదో పక్షిని చూస్తున్నాడు. అక్కడ పక్షి లేదు.

నీరజ సర్దిచెప్పబోయింది. ఈ చేని మట్టిలో లోకంలో ఎక్కడా లేని జీవి దొరికిందని, దాన్ని రెండు దేశాల్లో భద్రంగా దాస్తారని, ఈ చోటు వివరాలు పుస్తకాలకెక్కుతాయని చెప్పింది. వింటున్నకొద్దీ కోటేశ్వరరావు కోపం దిగిపోయి, దాని చోట ఇంకేదో ఎక్కింది.

"పుస్తకాల్లో నా చేనా?"

"అవునండీ. చవుడు నేల అయితేనే."

"చవుడే!" అన్నాడు కోటేశ్వరరావు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. "చానా చవుడమ్మా. పైకి మిరప కనపడుద్ది గానీ, లోపలంతా చవుడే. ఏం బావా, చెప్పవేం?"

నీరజ కాస్త మట్టిని సీసాలో నీళ్లతో కలిపి, తేరుకున్నాక ఉప్పు కొలిచే చిన్న మీటరు అందులో ముంచింది. అంకె సున్నా పక్కనే కూర్చుని కదలలేదు. ఇంకో చోట చూసింది. అదే అంకె.

"గట్టు పక్కన చూడమ్మా, అక్కడ బాగా ఉంటది. ఉండు, నేను చూపిస్తా" అని కోటేశ్వరరావు మోటారు షెడ్డులోకి పోయి వచ్చాడు. గట్టు పక్కన అతను చూపించిన చోట మట్టి తీసి కలిపితే మీటరు ఎగిరి గంతేసింది. నీరజ కళ్లు మెరిశాయి. మరుక్షణమే వంగి, ఆ మట్టిలోంచి రెండు వేళ్లతో ఏదో తీసింది. చిక్కుడు గింజంత రాళ్ల ఉప్పు.

"మీ చేలో ఉప్పు గడ్డలుగానే పండుద్దా అండీ?"

"మొన్న గేదెలకు పెట్టింది పడుంటది" అన్నాడు కోటేశ్వరరావు. షెడ్డు దగ్గర గేదె కాదు గదా, గేదె తోక కూడా లేదు.

రామాంజికి నవ్వొచ్చింది. అయితే నీరజ నవ్వలేదు. గట్టు మీద కూర్చుండిపోయింది. మీటరు తుడుస్తూ నెమ్మదిగా అంది: "ఇది మంచి నేల బాబాయ్. ఉప్పు లేకపోతే బతకనిది ఇక్కడ ఎట్లా బతుకుతుంది? అంటే మన మట్టిలోంచి రాలేదు. ల్యాబులో వేరే దేన్నుంచో వచ్చి నా పళ్లెంలో పడుంటుంది. చోటు దొరక్కపోతే పేపరు వెనక్కి తీసుకోమన్నారు మా గైడు సారు. రేపు తీసేసుకుంటాను. రెండేళ్లు. నా చేతి శుభ్రమే సరిగా లేనట్టుంది."

ఆ చివరి మాట రామాంజికి గుచ్చుకుంది. ఆ అమ్మాయి చేతి శుభ్రం అతనికి తెలుసు. ఆ పళ్లేలు కడిగిందీ ఉడకబెట్టిందీ అతనే. తన పళ్లేలకు మచ్చ, ఆమె చేతికి మచ్చ, తన చేనుకు మాత్రం మచ్చ లేకుండా కూర్చున్నాడు. క్వారీలో పలక పడినప్పుడు కూడా కాలికి ఇంత బరువు తెలియలేదు.

"మేడం" అన్నాడు. "నీరజమ్మా, ఆ మట్టి ఈ చేనిది కాదు."

"మరి?"

"నాది. ఫొటో ఒక్కటే ఇక్కడ తీశా."

"నీ చేనా? నీ చేలో మిరప కదా బాబాయ్ పండేది? ఏటా కాయలు తెస్తావుగా? మా అమ్మ నీ కారమే వాడుద్ది."

రామాంజి గడ్డం ఎత్తి, ఎదురుగా నిగనిగలాడుతున్న మిరప వైపు చూపించాడు. కోటేశ్వరరావుకు విషయం ఎక్కడానికి కాస్త సమయం పట్టింది. ఎక్కాక ఆగలేదు.

"ఒరే నాయనో! నా కాయలు నీ పేరున తిన్నారా నరసరావుపేటోళ్లు? నీ చవుడేమో నా పేరున రాయించావా? బావా, నువ్వు క్వారీలో ఉండాల్సినోడివి కాదు, రిజిస్ట్రారాఫీసులో ఉండాల్సినోడివి!"

"నువ్వు మాత్రం? ఇప్పుడేగా చవుడు నాదే నాదే అని ఉప్పు చల్లావు!"

"చల్లితే? నా చేను, నా ఉప్పు!"

"పదండి" అంది నీరజ లేచి. "ముందు ఆ చేను చూపించు బాబాయ్. మీరిద్దరూ దారిలో తిట్టుకోవచ్చు."

దారంతా తిట్టుకున్నారు. రామాంజి చేను దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇద్దరూ ఆగిపోయారు. మధ్యాహ్నపు ఎండలో చేనంతా తెల్లగా మెరుస్తోంది. బసవమ్మ అప్పటికే తుమ్మచెట్టు కింద మంచినీళ్ల బిందెతో కూర్చునుంది. ఎందుకొచ్చావని రామాంజి అడగలేదు. మొగుడి నిజం ఎంత దూరంలో ఉందో ఆమె లెక్క వేసుకునే వచ్చింది.

నీరజ మట్టి తీసింది, కలిపింది, మీటరు ముంచింది. అంకె పరుగెత్తి పరుగెత్తి, ఇక తన వల్ల కాదన్నట్టు తెర చివర ఆగింది. నీరజ ఇంకో చోట చూసింది. ఇంకో చోట. ప్రతిసారీ ఆమె మొహం విప్పారుతుంటే, రామాంజి మొహం వాడిపోతోంది.

"ఇంత పనికిమాలిన నేల నేనెక్కడా చూడలేదు బాబాయ్!" అంది ఆమె సంతోషంగా.

బామ్మర్ది ముందు, భార్య ముందు, పట్టపగలు, చదువుకున్న మనిషి నోట, మీటరు సాక్షిగా ఆ మాట. ఇరవై నాలుగేళ్లుగా ఇది వినకూడదనే అతని తంటాలన్నీ. కోటేశ్వరరావు నోరు తెరిచాడు. ఊరగాయ జోకు వస్తుందని రామాంజి కాచుకున్నాడు.

"మా బావ చేనంటే చేనే, ఏదైనా చివరిదాకా పోతేగానీ ఆగదు" అన్నాడు కోటేశ్వరరావు. అది వెటకారమో మెచ్చుకోలో అతనికే తెలిసినట్టు లేదు. బసవమ్మ ఇద్దరికీ నీళ్లు పోసింది.

ఐదు సంచుల్లో మట్టి నరసరావుపేట చేరింది. ఈసారి నీరజే ఫొటోలు తీసింది. రామాంజి గంజి కాచాడు. ఉప్పు రెండుసార్లు తూచాడు. ఆరో రోజు ఏమీ లేదు. ఏడో రోజు లేదు. ఎనిమిదో రోజు పొద్దున, ల్యాబు తాళం తీసింది అతనే కాబట్టి మొదట చూసిందీ అతనే. ఐదింట నాలుగు పళ్లేల్లో కందిపప్పు రంగు చుక్కలు. అచ్చం అవే. చీటీల్లోని అక్షరాలు కూడా అవేనని తర్వాత తేలింది.

ఫొటోలో చోటు తప్పు పడిందని నీరజ ఉన్నదున్నట్టు పత్రికకు రాసింది. వాళ్లు దిద్దుకుని అచ్చేశారు. ఆ జీవి పేరు చివర ఇప్పుడు కారంపూడియెన్సిస్ అని ఉంటుంది. ఆ పేరు కోటేశ్వరరావు టీ కొట్టు దగ్గర రోజుకో రకంగా పలుకుతున్నాడు. పలికిన ప్రతిసారీ, "మా బావ చేలోదే" అంటున్నాడు. ఊరగాయ జోకు మానేశాడని కాదు. ఇప్పుడది ముందు చెప్పి, ఇది తర్వాత చెబుతాడు.

ఈ కథ రామాంజికి చదివి వినిపిస్తే, చివరిదాకా విని, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మొత్తం అబద్ధం. ఒక్క ముక్క నిజం లేదు. నేనెప్పుడూ ఇంకోళ్ల చేలో ఫొటో తియ్యలేదు. ఆ రోజు ఫోను తప్పు చూపించింది. మా బామ్మర్ది ఉప్పు చల్లే మనిషి కాడు, పెద్దమనిషి. అసలు నా చేను చవుడే కాదు. ఏదో ఒక మూల కాస్త తెల్లగా ఉంటే ఉంటదేమో."

అని లోపలికి పోయి, ఒక కవరు తెచ్చి నా చేతిలో పెట్టాడు. నిండా ఎండుమిరపకాయలు.

"తీసుకో. మా చేనివే."